పెట్రోబ్రాస్ ఎలా ఎదిగింది, ఎక్కడ దెబ్బతింది? టెండర్ ఫైళ్ళ మధ్య బతికినవాడిగా నా సమాధానం

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: బ్రెజిల్ ప్రభుత్వ ఆయిల్ కంపెనీ పెట్రోబ్రాస్ సముద్రంలో అంత లోతు నుంచి ఆయిల్ తీసి ప్రపంచంలో పెద్ద కంపెనీల్లో ఒకటి అయింది కదా, మరి అంత పెద్ద స్కాంలో ఎలా ఇరుక్కుంది, గవర్నమెంట్ కంపెనీ కాబట్టే అలా అయిందా, ప్రైవేట్ చేసేస్తే ఆ గొడవ పోతుందా? అడిగినాయన వచ్చే నెల ఒక పీఎస్‌యూలో కాంట్రాక్ట్స్ సెక్షన్‌లో జాయిన్ అవుతున్నారట, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

నా సంగతి రెండు ముక్కల్లో. కాకినాడ వైపు ఆయిల్, గ్యాస్ పనుల్లో టెండర్లు, కాంట్రాక్టుల సైడు ఇరవై ఆరేళ్ళు చేశా. మధ్యలో 2013 నుంచి 2015 మొదటిదాకా బ్రెజిల్లో మకాయె అనే ఊళ్ళో ఒక సబ్ కాంట్రాక్టర్ దగ్గర పనిచేశా, అంటే ఈ గొడవ మొదలైనప్పుడు నేను అక్కడే ఉన్నా.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తా. గవర్నమెంట్ కంపెనీ అవ్వడం ఒక్కటే కారణం అయితే అదే కంపెనీ అంతకుముందు యాభై ఏళ్ళు అంత గొప్ప పని చేసి ఉండేది కాదు. డైరెక్టర్ కుర్చీలు రాజకీయ పార్టీలు పంచుకున్నాయి, టెండర్‌కి ఎవర్ని పిలవాలో కంపెనీయే లిస్టు రాసుకునే వెసులుబాటు ఉంది, సరిగ్గా అదే టైంలో చేతిలోకి లెక్కలేనంత డబ్బు వచ్చి పడింది. ఇవి ఒకచోట కలిశాయి. ఇంకో మాట, అందరూ లంచం ఎంత శాతం అన్న దగ్గరే ఆగిపోతారు గానీ అసలు పెద్ద నష్టం కాంట్రాక్టుల మీద తిన్న ఆ 3 శాతం లంచం వల్ల రాలేదు, ఆ 3 శాతం వచ్చే పనులు పుట్టించడం కోసం కట్టకూడనివి, కట్టకూడని టైంలో, కట్టకూడని రేటుకి కట్టడం వల్ల వచ్చింది. ఇది నా ఊహ కాదు, కంపెనీ తన సొంత లెక్కల్లోనే చూపించింది, ఆ అంకెలు కింద చెప్తా.

ముందు ఎదగడం సంగతి చెప్పాలి, ఎందుకంటే అది తెలియకపోతే ఏం పోయిందో అర్థం కాదు. 1940ల చివర్లో బ్రెజిల్లో "పెట్రోలియం మనదే" అని పెద్ద ఉద్యమం నడిచింది, స్టూడెంట్లు, మిలటరీ వాళ్ళు, కమ్యూనిస్టులు, జాతీయవాదులు అందరూ కలిసి. మనకి "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" ఎలాగో వాళ్ళకి అది అలాగ. 1953 అక్టోబర్ 3న ప్రెసిడెంట్ గెటూలియో వార్గాస్ చట్టం మీద సంతకం పెట్టి పెట్రోబ్రాస్‌ని మొదలెట్టాడు, మరుసటి ఏడాది ఆగస్టులో ఆయన తుపాకీతో కాల్చుకుని చనిపోతూ రాసిన ఉత్తరంలో కూడా పెట్రోబ్రాస్ పేరు ఉంది. అంటే ఆ దేశంలో ఆ కంపెనీ మీద జనానికి ఉన్న మమకారం ఎలాంటిదో చూడండి.

కానీ మమకారం ఉంటే ఆయిల్ పడదు కదా. అమెరికా నుంచి వాల్టర్ లింక్ అనే జియాలజిస్టుని తెచ్చి పెట్టుకున్నారు, ఆయన దేశమంతా వెతికించి 1960లో నేల మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి, సముద్రం వైపు చూడండి అని రిపోర్ట్ ఇచ్చాడు. ఆయన్ని దేశద్రోహి అన్నట్టు తిట్టారు అప్పట్లో, తర్వాత చూస్తే ఆయన చెప్పిందే నిజం అయింది. 1968లో సెర్జిపె తీరం దగ్గర సముద్రంలో మొదటి ఆయిల్ పడింది, 1974లో రియో రాష్ట్రం ఎదురుగా కాంపోస్ బేసిన్‌లో గరోపా ఫీల్డ్ దొరికింది. 1973 ఆయిల్ షాక్, అంటే ఆయిల్ రేట్లు ఒక్కసారిగా పెరిగిపోవడం, అప్పుడే కొట్టి ఉంది, దేశానికి కావాల్సిన ఆయిల్లో ఎక్కువ భాగం బయటి నుంచి కొంటున్నారు, కాబట్టి లోతు ఎంతైనా వెళ్ళక తప్పలేదు. 1984లో అల్బకోరా, 1985లో మార్లిమ్. మార్లిమ్ దగ్గర నీటి లోతు 850 మీటర్ల పైమాటే. అప్పటికి అంత లోతులో ప్రొడక్షన్ చేసే టెక్నాలజీ రెడీగా ఎవరి దగ్గరా లేదు, కొనుక్కుందామన్నా దొరకదు, సొంత రీసెర్చ్ సెంటర్లో తయారు చేసుకున్నారు. మన ఫీల్డులో హ్యూస్టన్‌లో జరిగే ఆఫ్‌షోర్ టెక్నాలజీ కాన్ఫరెన్స్ అవార్డు అంటే పెద్ద గౌరవం, అది వీళ్ళకి 1992లో ఒకసారి, 2001లో ఒకసారి వచ్చింది.

2001లోనే మార్చిలో పీ-36 అనే ప్లాట్‌ఫాం పేలుళ్ళు జరిగి మునిగిపోయింది, 11 మంది చనిపోయారు. అదీ చెప్పాలి, అన్నీ మంచివే చెప్తే అబద్ధం అవుతుంది.

తర్వాత 2007 నవంబర్‌లో టుపి ఫీల్డ్ ప్రకటన వచ్చింది. రెండు కిలోమీటర్లకు పైగా నీళ్ళు, దాని కింద రాయి, దాని కింద దాదాపు రెండు కిలోమీటర్ల మందాన ఉప్పు పొర, ఆ ఉప్పు కింద ఆయిల్. 500 నుంచి 800 కోట్ల బ్యారెళ్ళు ఉండొచ్చన్నారు. ఉప్పు పొర అంటే వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ డ్రిల్లింగ్ వాళ్ళని అడగండి, అంత లోతులో వేడికి, బరువుకి ఉప్పు మెల్లగా పాకుతూ ఉంటుంది, తవ్విన బావిని మూసేస్తూ ఉంటుంది, దాన్ని దాటుకుని కిందకి వెళ్ళడం ఆ ఇంజనీర్ల గొప్పతనం. 2008 మేలో కంపెనీ విలువ షేర్ మార్కెట్లో 30,000 కోట్ల డాలర్లు దాటింది. 2010 సెప్టెంబర్‌లో 7,000 కోట్ల డాలర్ల షేర్లు ఇష్యూ చేశారు, అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద ఇష్యూ ఇంకోటి లేదు.

మన తీరానికీ వాళ్ళు వచ్చారు. కేజీ బేసిన్‌లో ఓఎన్‌జీసీ డీప్ వాటర్ బ్లాక్ 98/2 ఉంది కదా, 2024 జనవరిలో మొదటి ఆయిల్ వచ్చింది చూశారు, ఆ బ్లాకులో 2007లో పెట్రోబ్రాస్ 15 శాతం వాటా తీసుకుంది, తర్వాత వదిలేసి వెళ్ళిపోయింది. డీప్ వాటర్ అంటే పెట్రోబ్రాస్ దగ్గర నేర్చుకోవాలి అని మా పెద్ద సార్లు మీటింగుల్లో అనేవాళ్ళు, నేను మకాయె వెళ్ళడానికి ఒప్పుకున్నది కూడా సగం ఆ గౌరవంతోనే.

ఇక అసలు సంగతికి వస్తా.

టెండర్ ఎక్కడ చెడింది? 1998లో బ్రెజిల్ ప్రభుత్వం 2745 నంబర్ డిక్రీ ఇచ్చింది. అంతకుముందు ఏడాదే ఆయిల్‌లో పెట్రోబ్రాస్ మోనోపోలీ తీసేశారు, ఇక ప్రైవేట్ కంపెనీలతో పోటీ పడాలి కాబట్టి మామూలు సర్కారీ టెండర్ల జాప్యం వద్దు, ఆహ్వాన పత్రం పంపి కొటేషన్లు తీసుకోవచ్చు అన్నారు. ఉద్దేశం మంచిదే. నేనూ ఓపెన్ టెండర్‌లో నెలలకి నెలలు నలిగినవాణ్ణే, ఆ బాధ నాకు తెలుసు. కానీ దీని అర్థం ఏంటంటే, ఆహ్వానాల లిస్టు ఎవరి చేతిలో ఉందో టెండర్ వాళ్ళ చేతిలో ఉన్నట్టే. మనదగ్గర లిమిటెడ్ టెండర్ అంటాం, చిన్న పనులకి వాడతాం. వాళ్ళు వందల కోట్ల డాలర్ల రిఫైనరీ ప్యాకేజీలకి అదే వాడారు.

రెండో సంగతి, కంపెనీ ఇంటర్నల్ ఎస్టిమేట్ వేసుకుంటుంది, దానికి 15 శాతం తక్కువ నుంచి 20 శాతం ఎక్కువ వరకు వచ్చిన రేటుని ఒప్పుకోవచ్చు అని లెక్క. నిజంగా పోటీ ఉంటే ఆ రేంజ్ పర్లేదు. పోటీ లేనప్పుడు ఏమవుతుంది? పైనున్న 20 శాతం గీత దాకా ఎక్కి కూర్చుంటారు. ఎస్టిమేట్ ముందే తెలిసిపోతే ఇంకా సులువు.

పెద్ద కన్‌స్ట్రక్షన్ కంపెనీలు ఒడెబ్రెక్ట్, ఓఏఎస్, కమార్గో కొర్రేయా, ఆంద్రాడె గుటియెర్రెజ్, యూటీసీ ఇలాంటివన్నీ సిండికేట్ అయ్యాయి. వాళ్ళే దాన్ని "క్లబ్" అనుకునేవాళ్ళు. ఏ పని ఎవరికో ముందే అనుకుని, ఎవర్ని పిలవాలో పేర్లు లోపలి మనిషికి అందించి, మిగతావాళ్ళు ఎక్కువ రేటు వేసి పక్కకి తప్పుకునేవాళ్ళు. మన భాషలో సపోర్టింగ్ కొటేషన్. దర్యాప్తులో బయటపడిన కాగితాలు రెండు ఉన్నాయి, నేను ఈ ఫీల్డులో ఇన్నేళ్ళలో అలాంటివి చూడలేదు. ఒకటి ఫుట్‌బాల్ టోర్నమెంట్ రూల్స్ లాగా రాసింది, కంపెనీలంటే టీములు, టెండర్లంటే పోటీలు. ఇంకోటి బింగో ఆట పట్టికలాగా రాసింది, ఎవరికి ఏ ప్యాకేజీ కావాలో గళ్ళలో నింపి, కంపెనీల్ని ఆటగాళ్ళు అని, కాంట్రాక్టుల్ని బహుమతులు అని రాసుకున్నారు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరో తీరిగ్గా ఆ గళ్ళు గీసి, టైప్ చేసి, ప్రింట్ తీసి పెట్టారు.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి. చాలా ఏళ్ళ కిందట, ఏ కంపెనీయో చెప్పను, పైపుల యార్డులో సివిల్ పని, చిన్నదే, మూడు కవర్లు వచ్చాయి. రేట్లు చూస్తే బాగానే ఉన్నాయి, ఎస్టిమేట్‌కి కాస్త పైన, ముగ్గురికీ మధ్య తేడా కూడా ఉంది. ఈఎండి (టెండర్ వేసేవాళ్ళు కట్టే డిపాజిట్) డీడీలు రిజిస్టర్‌లో ఎక్కిస్తుంటే చెయ్యి ఆగిపోయింది, మూడు డీడీలూ ఒకే బ్యాంకు, ఒకే బ్రాంచి, ఒకే తేదీ, నంబర్లు వరసగా 41, 42, 43తో అయిపోతున్నాయి. అంటే ఒకే మనిషి కౌంటర్ దగ్గర నిలబడి మూడూ తీసుకున్నాడు. నోట్ రాసి పెట్టా. పై ఆఫీసర్ "డీడీ నంబర్లు చూసి పని ఆపుతామా, వానలొస్తున్నాయి" అన్నారు. గట్టిగా పట్టుబడితే మళ్ళీ పిలిచారు, మళ్ళీ ఆ ముగ్గురే వచ్చారు, కాకపోతే ఈసారి డీడీలు మూడు వేరువేరు బ్యాంకులవి. నన్ను స్టోర్స్‌కి మార్చారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే పెట్రోబ్రాస్‌లో కూడా ఆబ్రేయు ఇ లిమా రిఫైనరీ పెద్ద ప్యాకేజీలకి మొదటిసారి రేట్లు బాగా ఎక్కువ వచ్చాయని రద్దు చేశారు, మళ్ళీ పిలిచినప్పుడు ఆహ్వానాలు వెళ్ళింది మళ్ళీ ఆ గుంపుకే. రద్దు చేసి మళ్ళీ పిలవగానే ఫైలు శుభ్రపడిపోయిందనుకోవద్దు, లిస్టు మారిందో లేదో చూడాలి.

డబ్బు ఎలా తిరిగింది? పాలో రొబెర్టో కోస్టా అని రిఫైనింగ్ వైపు చూసే డైరెక్టర్, 2004 నుంచి 2012 దాకా. ఈయన బయటి నుంచి దిగిన రాజకీయ నాయకుడు కాదు, 1977లో ఇంజనీర్‌గా చేరి మెట్టు మెట్టు ఎక్కినవాడు. కానీ పార్టీ అండ లేకుండా డైరెక్టర్ కుర్చీ రాదని కోర్టులో తనే చెప్పాడు. ఆయన చెప్పిన లెక్క ప్రకారం కాంట్రాక్ట్ విలువలో 3 శాతం దాకా పక్కకి పోయేది, తన డిపార్ట్‌మెంట్ వాటా 1 శాతం పీపీ అనే పార్టీ వైపు, 2 శాతం సర్వీసెస్ డైరెక్టర్ రెనాటో డూకే ద్వారా అధికారంలో ఉన్న పీటీ (వర్కర్స్ పార్టీ) వైపు. ఇంటర్నేషనల్ డైరెక్టర్ నెస్టర్ సెర్వెరో కుర్చీ పీఎండీబీ పార్టీ లెక్కలో. పార్టీలు ఇదంతా కాదన్నాయి. ఆ 1 శాతాన్ని ఇంకా చీల్చి చెప్పాడు చూడండి, అందులో 60 శాతం పార్టీకి, 20 శాతం ఖర్చులకి, అంటే దొంగ బిల్లులు, డబ్బు చేరవేయడం వగైరా, మిగిలిన 20 శాతంలో 70 శాతం కోస్టాకి, 30 శాతం హవాలా వ్యాపారి అల్బెర్టో యూసెఫ్‌కి. లంచంలో మళ్ళీ ఖర్చుల పద్దు. ఏళ్ళ తరబడి నడిచిన వ్యాపారానికే అలాంటి పద్దు ఉంటుంది.

పద్ధతి మనకి తెలిసిందే. పెట్రోబ్రాస్ కాంట్రాక్టర్‌కి సరిగ్గా బిల్లు పాస్ చేస్తుంది, కాంట్రాక్టర్ ఒక కన్సల్టెన్సీకి "సలహాలు" ఇచ్చినందుకు డబ్బు కడతాడు, ఆ కన్సల్టెన్సీలో ఒక టేబుల్, ఒక రబ్బర్ స్టాంప్ తప్ప ఏమీ ఉండదు, అక్కణ్ణుంచి యూసెఫ్ లాంటివాళ్ళు నోట్లుగా మార్చి చేరవేస్తారు, లేదా స్విట్జర్లాండ్ ఖాతాలకి పోతుంది. పెట్రోబ్రాస్ ఖాతా పుస్తకాల్లో చూస్తే ఎక్కడా లంచం అనే పద్దు కనిపించదు, అంతా పని చేసినందుకు ఇచ్చిన డబ్బే. అందుకే ఆడిట్‌లో దొరకలేదు అని నా అభిప్రాయం. ఆడిటర్ వోచర్ చూస్తాడు, రేటు ఎలా పుట్టిందో చూడడు.

బయటపడిన తీరు మాత్రం ఎవరూ ఊహించనిది. బ్రసీలియాలో ఒక పెట్రోల్ బంకులో నడుస్తున్న డబ్బు మార్పిడి వ్యాపారం మీద పోలీసులు నిఘా పెట్టారు, అందుకే ఆ ఆపరేషన్‌కి లావా జాటో, అంటే కార్లు కడిగే చోటు, అని పేరు. 2014 మార్చి 17న అరెస్టులు మొదలయ్యాయి, యూసెఫ్ దొరికాడు. అతని మెసేజిల్లో ఒక రేంజ్ రోవర్ ఎవోక్ కారు కొన్న సంగతి ఉంది, కారు ఎవరి పేరు మీదా అని చూస్తే కోస్టా పేరు. రిటైరైన పెట్రోబ్రాస్ డైరెక్టర్‌కి హవాలా వ్యాపారి కారెందుకు కొనిచ్చాడు? ఈ ఒక్క ప్రశ్న మీద తీగ లాగితే డొంకంతా కదిలింది. సోదాలు జరుగుతుండగానే కోస్టా కుటుంబం వాళ్ళు ఆఫీసు నుంచి కాగితాలు మోసుకుపోవడం కెమెరాలో పడింది, మూడు రోజులకి ఆయనా అరెస్ట్. స్విస్ ఖాతాల్లో 2.3 కోట్ల డాలర్లు కనపడ్డాయి. 2013లో వచ్చిన కొత్త చట్టం వల్ల అప్రూవర్‌గా మారితే శిక్ష తగ్గుతుంది, ఆగస్టులో కోస్టా నోరు విప్పాడు, తర్వాత యూసెఫ్. పెడ్రో బరుస్కో అని డూకే కింద మేనేజర్ స్థాయి మనిషి, ఆయన ఒక్కడే దాదాపు 9.7 కోట్ల డాలర్లు వెనక్కి ఇస్తానని ఒప్పుకున్నాడు. మేనేజర్ స్థాయి! ఇంకో మాట కూడా చెప్పాడు, తను లంచం తీసుకోవడం మొదలైంది 1997, 98 ప్రాంతంలోనే అని. అంటే పీటీ ప్రభుత్వం రాకముందే. కాబట్టి ఒకే పార్టీ తెచ్చిన జబ్బు అనేవాళ్ళని నమ్మకండి, కాకపోతే డబ్బు పెరిగాక అది ఒక ఏర్పాటుగా మారింది.

2014 నవంబర్ 14న పెద్ద పెద్ద కన్‌స్ట్రక్షన్ కంపెనీల అధికారులని ఒకేరోజు అరెస్ట్ చేశారు. ఆ రోజు నేను మకాయెలో మా ఆఫీసు క్యాంటీన్‌లో ఉన్నా, టీవీ ముందు అందరూ ప్లేట్లు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మా పక్క బిల్డింగులో ఒక పెట్రోబ్రాస్ ప్లానింగ్ ఇంజనీర్ ఉండేవాడు, యాభై దాటినాయన, ఆకుపచ్చ పసుపు బొమ్మ ఉన్న ఐడీ కార్డు మెళ్ళో వేసుకునే సూపర్ మార్కెట్‌కి కూడా వచ్చేవాడు, ఆ ఊళ్ళో ఆ కార్డుకి అంత విలువ. డిసెంబర్‌లో ఒకరోజు బస్సులో కనిపించాడు, కార్డు చొక్కా లోపలికి తోసేసి ఉంది, ట్యాగ్ మాత్రం మెడ దగ్గర కనపడుతోంది. పలకరిస్తే తల ఊపాడు గానీ మాట్లాడలేదు. ఆయన పైసా తిన్నవాడు కాదు. ఆ కంపెనీలో వేలమంది అలాంటివాళ్ళే, వాళ్ళ మొహాలు గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు పిండేసినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఆ అంకెలు. లెక్కల మీద సంతకం పెట్టడానికి ఆడిటర్లు వెనక్కి తగ్గడంతో నెలల తరబడి ఫలితాలు ఆగిపోయి, చివరికి 2015 ఏప్రిల్ 22న పెట్రోబ్రాస్ ప్రకటించింది. అవినీతి వల్ల పోయినదని 620 కోట్ల రియాస్ (బ్రెజిల్ కరెన్సీ) నష్టం కింద రాసేశారు. దాని పక్కనే ఆస్తుల విలువ తగ్గిందని 4,460 కోట్ల రియాస్ రాసేశారు. ఏడు రెట్లు! ఇందులో ఆయిల్ రేటు పడిపోవడం వల్ల తగ్గింది కూడా ఉంది, అది ఒప్పుకోవాలి, కానీ ఎక్కువ భాగం రెండు రిఫైనరీ ప్రాజెక్టులదే, పెర్నాంబుకో రాష్ట్రంలో ఆబ్రేయు ఇ లిమా, రియో దగ్గర ఇటబొరాయి ఊళ్ళో కొంపెర్జి. ఆబ్రేయు ఇ లిమా రెండు వందల కోట్ల డాలర్లకి కాస్త పైన అని మొదలెట్టి 1,800 కోట్ల డాలర్లు దాటించారు. వెనెజ్వెలా కంపెనీ 40 శాతం పెడుతుందన్నారు, పెట్టలేదు. డ్రాయింగులు పూర్తవ్వకముందే పనులు మొదలెట్టారు. ఈ ఫీల్డులో ఉన్న ఎవరికైనా తెలుసు, డ్రాయింగ్ లేకుండా కాంట్రాక్ట్ ఇచ్చారంటే తర్వాత వచ్చేవన్నీ ఎక్స్‌ట్రా ఐటమ్‌లు, వేరియేషన్‌లు, క్లెయిమ్‌లే, అంటే ఒప్పుకున్న రేటు మీద అదనపు బిల్లులు, ప్రతి వేరియేషన్‌లో మళ్ళీ శాతం.

అందుకే అన్నా, 3 శాతం దగ్గర ఆగొద్దని. శాతం తీసుకునేవాడికి ప్రాజెక్టు లాభమా నష్టమా అనవసరం, ఎంత పెద్దదైతే అంత మంచిది, ఎంత లేటైతే అంత మంచిది. వాడి కుర్చీ నుంచి చూస్తే వద్దు అనాల్సిన ప్రాజెక్టు ఒక్కటి కూడా ఉండదు. ఒక కంపెనీకి ఆ వద్దు అనే నోరు పోతే ఎంత ఖరీదో ఆ 4,460 కోట్లు చూపిస్తాయి.

టెక్సస్‌లో పాసడీనా రిఫైనరీ ఇంకో ఉదాహరణ. 2005లో ఒక బెల్జియం గ్రూపు కంపెనీ దాన్ని 4.25 కోట్ల డాలర్లకి కొన్నది, పెట్రోబ్రాస్ 2006లో సగం వాటాతో మొదలెట్టి, గొడవలయ్యి, కోర్టులయ్యి, మొత్తం కలిపి దాదాపు 118 కోట్ల డాలర్లు కట్టింది. అగ్రిమెంట్‌లో పుట్ ఆప్షన్ క్లాజ్ ఉంది, పార్ట్‌నర్లకి పడకపోతే అవతలివాడి సగం కూడా నువ్వే కొనాలి అని. అప్పుడు బోర్డ్ చైర్‌పర్సన్ దిల్మా రూసెఫ్, తర్వాత దేశానికి ప్రెసిడెంట్ అయినావిడ, ఆ క్లాజ్ బోర్డుకి ఇచ్చిన సమ్మరీలో లేదని 2014లో ఆమె చెప్పింది. సమ్మరీ తయారు చేయించింది సెర్వెరో డిపార్ట్‌మెంట్. 2019లో అదే రిఫైనరీని షెవ్రాన్‌కి 35 కోట్ల డాలర్లకి అమ్మేశారు.

కంపెనీ అప్పు 13,000 కోట్ల డాలర్లు దాటిపోయిందని చదివి ఉంటారు, అది మొత్తం అవినీతి ఖాతాలో వెయ్యడం తప్పు. 2011 నుంచి 2014 దాకా ప్రభుత్వం ధరలు పెరగకూడదని పెట్రోల్, డీజిల్ రేట్లు తొక్కిపెట్టి ఉంచింది, కంపెనీ ఎక్కువకి దిగుమతి చేసుకుని తక్కువకి అమ్మింది. మన దగ్గరా ఆయిల్ కంపెనీలకి అండర్ రికవరీలని ఉండేవి, గుర్తుందా? అదే బాధ.

ప్రైవేట్ చేస్తే పోతుందా అన్నదానికి ఇదీ నా జవాబు: సిండికేట్ అయినవాళ్ళందరూ ప్రైవేట్ కంపెనీలే కదండీ, చాలావరకు కుటుంబాల చేతిలో ఉన్నవి. ఒడెబ్రెక్ట్‌లో అయితే లంచాలు ఇవ్వడానికి ఏకంగా "స్ట్రక్చర్డ్ ఆపరేషన్స్" అని ఒక డిపార్ట్‌మెంటే నడిచింది, దానికి సొంత కంప్యూటర్ సిస్టం, మారుపేర్లు. 2016 డిసెంబర్‌లో అమెరికా ప్రభుత్వం దగ్గర ఒప్పుకున్నారు. చెయ్యి చాచినవాడూ, చేతిలో పెట్టినవాడూ ఇద్దరూ ఉంటేనే ఇది నడుస్తుంది.

పెట్రోబ్రాస్ కట్టిన మూల్యం కూడా తక్కువేం కాదు. అమెరికాలో షేర్లు కొన్నవాళ్ళ కేసు 2018లో 295 కోట్ల డాలర్లకి సెటిల్ చేసుకుంది, అదే ఏడాది సెప్టెంబర్‌లో అమెరికా అధికారులతో 85.3 కోట్ల డాలర్ల ఒప్పందం, అందులో 80 శాతం బ్రెజిల్‌కే. కానీ నాకు బాధ అనిపించేది ఇంకోటి, కాంట్రాక్ట్ లేబర్. 2014 డిసెంబర్ చివర్లో 23 కంపెనీలని కొత్త టెండర్ల నుంచి ఆపేశారు, ఆపాల్సిందే, కాదనను, కానీ కింద సబ్ కాంట్రాక్టర్ల బిల్లులు ఒక్కసారిగా నిలిచిపోయాయి. ఔట్‌సోర్సింగ్ మీద మూడున్నర లక్షల మందికి పైగా ఉన్నవాళ్ళు రెండేళ్ళలో సగానికి పైగా తగ్గిపోయారు. మా కంపెనీ మూసేశారు, నేను టికెట్ కొనుక్కుని ఇంటికొచ్చేశా, నాకు ఇల్లుంది. ఇటబొరాయిలో కొంపెర్జిని నమ్ముకుని లోన్లు తీసి లాడ్జీలు కట్టినవాళ్ళకి ఆ దారి లేదు.

కేసుల సంగతి జాగ్రత్తగా చెప్పాలి, ఇక్కడ చాలామంది సగం వార్త చదివి కొట్టుకుంటారు. జడ్జి సెర్జియో మోరో 2017లో మాజీ ప్రెసిడెంట్ లూలాకి శిక్ష వేశాడు, లూలా 2018 ఏప్రిల్ నుంచి 580 రోజులు జైల్లో ఉన్నాడు. మోరో 2019లో తర్వాతి ప్రభుత్వంలో న్యాయశాఖ మంత్రి అయ్యాడు, అదే ఏడాది జడ్జికీ ప్రాసిక్యూటర్లకీ మధ్య నడిచిన మెసేజిలు బయటికొచ్చాయి, 2021లో సుప్రీం కోర్టు లూలా శిక్షలు రద్దు చేసి మోరో పక్షపాతంతో వ్యవహరించాడని తేల్చింది. ఒడెబ్రెక్ట్ ఇచ్చిన సాక్ష్యాలు చెల్లవని 2023లో ఒక సుప్రీం జడ్జి తీర్పిచ్చాడు. దిల్మాని 2016లో దించేసింది బడ్జెట్ లెక్కల కేసులో, పెట్రోబ్రాస్ కేసులో కాదు. అయితే దర్యాప్తు చేసినవాళ్ళు తప్పులు చేశారు కాబట్టి దొంగతనమే జరగలేదు అనడం కుదరదు, పెట్రోబ్రాస్ ఖాతాలోకి 600 కోట్ల రియాస్‌కి పైగా వెనక్కి వచ్చాయి, ఎవరూ తినకపోతే ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

ఇంజనీర్ల గొప్పతనం మాత్రం నిలబడింది. 2015 ఏప్రిల్‌లో ఆ నష్టాల ప్రకటన వచ్చిందా, మే నెలలో అదే హ్యూస్టన్ కాన్ఫరెన్స్ ఉప్పు పొర కింద చేసిన పనికి పెట్రోబ్రాస్‌కి మూడోసారి అవార్డు ఇచ్చింది. ఇవాళ బ్రెజిల్ ఆయిల్లో నాలుగింట మూడొంతుల పైన ఆ ఉప్పు కిందదే, 2022లో కంపెనీ లాభం 18,800 కోట్ల రియాస్. 2016లో 13303 నంబర్ చట్టం తెచ్చి ప్రభుత్వ కంపెనీల్లో పార్టీ నాయకుల్ని బోర్డుల్లో వెయ్యకుండా అడ్డుకట్ట వేశారు, దాన్ని సడలించాలని ఒత్తిడి అప్పుడప్పుడూ వస్తూనే ఉంటుంది.

మీరు జాయిన్ అవుతున్నారన్నారు కాబట్టి ఒక్క పని చెప్తా. మొదటి నెల మీకు పెద్ద పనేం ఇవ్వరు, పాత ఫైళ్ళు చదువుకోమంటారు. అప్పుడు అయిపోయిన పెద్ద కాంట్రాక్టులు ఓ పది తీసుకుని ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: ఎస్టిమేట్ ఎంత, ఏ తేదీన ఎవరు వేశారు, వచ్చిన రేటు ఎంత, పిలిచినవాళ్ళు ఎంతమంది, కవర్ వేసినవాళ్ళు ఎంతమంది, ఓడిపోయినవాళ్ళు తర్వాత గెలిచినవాడి కింద సబ్ కాంట్రాక్ట్ చేశారా, చివరి బిల్లు ఎంతకి తేలింది. ఈఎండి వివరాలు కూడా, ఇప్పుడు ఆన్‌లైన్ కాబట్టి డీడీ నంబర్లుండవు, కట్టిన ఖాతా, టైము చూడండి. ఎవరికీ చూపించక్కర్లేదు, ఎవరి మీదా ఫిర్యాదు అక్కర్లేదు. పదకొండో ఫైలు మీ టేబుల్ మీదకి కొత్తగా వచ్చినప్పుడు ఆ నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చదవండి, నోట్ రాయాల్సి వస్తే అభిప్రాయాలు రాయకుండా తేదీలు, అంకెలు మాత్రం రాయండి, సంతకం పెట్టి ఇన్‌వార్డ్ నంబర్ వేయించుకోండి. నా డీడీల నోట్ నాలుగేళ్ళ తర్వాత విజిలెన్స్ వాళ్ళు తీసి చదివారు, అందులో మూడు నంబర్లు, బ్రాంచి పేరు, తేదీ తప్ప ఇంకేం లేవు, నన్ను పిలిచి అడిగింది ఒక్కటే ప్రశ్న, ఈ చేతిరాత మీదేనా అని.